అక్రిలిక్ డ్రమ్స్ రూపం, శబ్దం: తరచుగా అడిగే ప్రశ్నలు

నా డ్రమ్ కిట్ పొగ రంగు అక్రిలిక్‌ది. వేదిక మీద స్టాండ్లు విప్పి అమర్చుకుంటుంటే ఎవరో ఒకరు దగ్గరకు వచ్చి, వేలి కొసతో తట్టి, "ఇది గాజా అన్నా?" అని అడుగుతారు. ఆ తరువాతి ప్రశ్న "సౌండ్ బాగుంటుందా?". కొనాలనుకునే వాళ్లయితే ఇంకా చాలా అడుగుతారు. ఇన్నేళ్లుగా విన్న ప్రశ్నలను, చెప్పిన జవాబులను ఇక్కడ ఒకచోట పెట్టాను. మొదట్లో తప్పుగా చెప్పిన జవాబులు కొన్ని ఉన్నాయి, వాటినీ సరిదిద్దుకున్నాను.

ఇంతకీ ఇది గాజా, ప్లాస్టికా?

ప్లాస్టిక్. అసలు పేరు పాలీమిథైల్ మెథాక్రిలేట్. ఆ పేరును రసాయన శాస్త్రం పరీక్షలో తప్ప ఎవరూ పలకరు. 1933లో జర్మనీలో ప్లెక్సిగ్లాస్ అన్న వాణిజ్య నామం పెట్టుకున్న పదార్థం ఇదే. దుకాణాల వెలుగు బోర్డులు, వాహనాల వెనుక లైట్ల మూతలు, బహుమతుల పైన మెరిసే పలకలు ఎక్కువగా దీనివే. మీద పడిన వెలుగులో దాదాపు 92 శాతాన్ని అవతలికి పోనిస్తుంది. గాజు బరువులో సగం కూడా ఉండదు.

కొందరు అమ్మకందారులు పాలీకార్బనేట్‌ను కూడా ఇదే గాటన కట్టేస్తారు. రెండూ వేరు. హెల్మెట్ ముందుండే అద్దం చాలావరకు పాలీకార్బనేట్. అది దెబ్బను బాగా తట్టుకుంటుంది, కానీ త్వరగా గీతలు పడుతుంది. అక్రిలిక్ మీద గీతలు కాస్త తక్కువ పడతాయి, గట్టిగా కింద పడితే మాత్రం పగులుతుంది.

వీటిని మొదట ఎవరు చేశారు?

అమెరికాలోని కాన్సాస్ సిటీకి చెందిన డ్రమ్మర్ బిల్ జికోస్‌కు ఆ పేరు దక్కుతుంది. 1950ల చివర్లో మొదలైన ఆయన ప్రయత్నం 1960ల చివరికి జికోస్ కిట్లుగా వేదికలెక్కింది. ఐరన్ బటర్‌ఫ్లై బృందంలో రాన్ బుషీ పారదర్శకమైన జికోస్ కిట్ వెనుక కూర్చున్నాడు. అంతవరకు డ్రమ్మర్ అంటే పీపాల వెనుక నుంచి తల, చేతులు మాత్రమే కనిపించే మనిషి. మొదటిసారి కాళ్లు కూడా కనిపించాయి.

తరువాత ఫైబ్స్ వచ్చింది. పేరును బట్టే తెలుస్తుంది, ఆ సంస్థ మొదలైంది ఫైబర్‌గ్లాస్ డ్రమ్స్‌తో. 1970ల మొదట్లో క్రిస్టలైట్ పేరుతో రంగులేని పారదర్శక షెల్స్ (డ్రమ్ గుండ్రటి గోడలు) తెచ్చింది. మహావిష్ణు ఆర్కెస్ట్రా రోజుల్లో బిల్లీ కోబమ్ రెండు కిక్ డ్రమ్స్‌తో (కాలితో వాయించే పెద్ద డ్రమ్స్) వాయించిన పారదర్శకమైన కిట్ ఫైబ్స్‌దే. (పేరు చూసి ఆ బృందం మన వైపుదనుకోకండి. గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌కు ఆయన గురువు శ్రీ చిన్మయ్ పెట్టిన పేరది.) ఇంటింటికీ తెలిసేలా చేసింది మాత్రం లడ్విగ్. 1972 ప్రాంతంలో వచ్చిన ఆ సంస్థ అక్రిలిక్ కిట్ విస్టాలైట్ ఎంతగా పాతుకుపోయిందంటే, పాత డ్రమ్మర్లు ఏ అక్రిలిక్ కిట్‌నైనా విస్టాలైట్ అనే పిలిచేవారు. జపాన్ నుంచి పర్ల్ సంస్థ క్రిస్టల్ బీట్‌తో అదే దారి పట్టింది.

1970ల మొదట్లోనే ఎందుకంటే నాకు తోచే కారణం ఒకటుంది. కచేరీలు పెద్ద స్టేడియాలకు మారాయి, రంగుల టీవీ వచ్చింది, వేదిక లైట్లు పెరిగాయి. చివరి వరుసలో కూర్చున్నవాడికి డ్రమ్మర్ కనిపించాలి. చెక్క మీద లైటు పడితే అక్కడే ఆగుతుంది, అక్రిలిక్‌లోకి దూరి అవతలికి పోతుంది. 1980లలో ఫ్యాషన్ మారింది, ఎలక్ట్రానిక్ డ్రమ్స్ వచ్చాయి, పాత అక్రిలిక్ కిట్లు పగుళ్లతో అటకలెక్కాయి. 2000 తరువాత లడ్విగ్, పర్ల్, టామా, డీడబ్ల్యూ వంటి సంస్థలు మళ్లీ వీటిని తెచ్చాయి.

జాన్ బోన్‌హామ్ శబ్దం రావాలంటే తేనె రంగు అక్రిలిక్ కిట్ కొనాలా?

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెప్లిన్ డ్రమ్మర్ బోన్‌హామ్ 1973 అమెరికా పర్యటన నుంచి ఆంబర్ రంగు, అంటే తేనె రంగు విస్టాలైట్ వాయించిన మాట నిజం. 1973 జులైలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్ కచేరీల్లో చిత్రీకరించి 1976లో విడుదల చేసిన సినిమాలో ఉన్నది ఆ కిట్టే. కిక్ 26 అంగుళాలు, ముందు టామ్ (కిక్ పైన ఉండే డ్రమ్) 14 అంగుళాలు, ఫ్లోర్ టామ్‌లు (నేల మీద నిలబడేవి) 16, 18 అంగుళాలు. ఈ కొలతలు డ్రమ్మర్లకు కంఠతా వచ్చు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. "బోన్‌హామ్ సౌండ్" అనగానే అందరి చెవుల్లో మోగేది ఆ బృందం నాలుగో ఆల్బమ్‌లోని మెట్ల హాలు శబ్దం. ఇంగ్లండ్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవంతిలో, కిట్‌ను కింది హాల్లో పెట్టి, మైకులను పై మెట్ల దగ్గర నుంచి కిందికి వేలాడదీసి రికార్డు చేసిన శబ్దం అది. ఆ ఆల్బమ్ 1971 నవంబరులో విడుదలైంది. అప్పటికి విస్టాలైట్ ఇంకా అమ్మకానికే రాలేదు. కాబట్టి ఆ మోత అక్రిలిక్‌ది కాదు. అది పెద్ద డ్రమ్స్, ఎత్తైన శ్రుతి, దిండ్లతో నొక్కేయని హెడ్లు (డ్రమ్ మీద బిగించే పొరలు), ఎత్తైన గోడలు, అన్నింటికీ మించి ఆయన మణికట్టు. తేనె రంగు కిట్‌లో కూడా స్నేర్ (కింద తీగలుండి చిటపటలాడే డ్రమ్) అక్రిలిక్ కాదు, సుప్రాఫోనిక్ అనే లోహపు డ్రమ్.

మన కళ్లు మన చెవులకు ఎంత అబద్ధం చెబుతాయో తెలుసుకోవడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. తేనె రంగు నచ్చితే తప్పకుండా కొనండి. మెట్ల హాలు శబ్దం కావాలంటే ముందు అలాంటి మెట్ల హాలు వెతుక్కోండి.

అయితే అక్రిలిక్‌కు సొంత శబ్దం లేదా?

ఉంది, చెప్పుకునేంత పెద్దది కాదు. ఒక పని చేసి చూడండి. హెడ్లు, లగ్‌లు (హెడ్‌ను బిగించే రాడ్లు పట్టే ముక్కలు) తీసేసిన మేపుల్ చెక్క షెల్‌ను వేలికి తగిలించి పిడికిలితో తట్టండి. ఒక స్వరం పలుకుతుంది. అక్రిలిక్ షెల్‌ను అలాగే తట్టండి. టక్కుమని ఆగిపోతుంది. జైలోఫోన్ పలకలను రోజ్‌వుడ్‌తో చేస్తారు కానీ అక్రిలిక్‌తో చేయరు, ఇందుకే. ఈ ప్లాస్టిక్ తనలో పుట్టిన కంపనాన్ని తానే మింగేస్తుంది.

మరి డ్రమ్ ఎలా మోగుతుంది? డ్రమ్‌లో ప్రధానంగా మోగేది హెడ్, దాని కింద చిక్కుకున్న గాలి. షెల్ చేసే పనులు మూడు. గాలిని చుట్టి ఉంచుతుంది, హెడ్‌కు అంచు ఇస్తుంది, బిగింపును తట్టుకుని నిలబడుతుంది. అక్రిలిక్ షెల్ బరువైనది, లోపలి ముఖం అద్దంలా నున్నగా ఉంటుంది. అది హెడ్ దగ్గర నుంచి శక్తిని తక్కువగా లాక్కుంటుంది, లోపలి గాలిలోని పదునైన శబ్దాలను చెక్కలా మెత్తబరచకుండా తిప్పి కొడుతుంది. ఫలితంగా పుల్ల తగిలిన మొదటి క్షణం స్పష్టంగా, కాస్త కటువుగా వస్తుంది. దాని వెనుకే డ్రమ్ అసలు స్వరం నేరుగా వస్తుంది. చెక్కలో ఆ రెండింటి మధ్య ఉండే గుమ్మైన వెచ్చదనం తగ్గుతుంది. మేపుల్ టామ్ "దూమ్" అంటే అక్రిలిక్ టామ్ "టూమ్" అంటుంది. నాకు తెలిసి దీన్ని ఇంతకంటే ఖచ్చితంగా రాతలో పెట్టలేను.

కొందరు దీన్ని ప్లాస్టిక్ శబ్దం అని కొట్టిపారేస్తారు. వాళ్లు విన్నది చాలాసార్లు పలచని హెడ్లు వేసి, శ్రుతి చేయకుండా వదిలేసిన కిట్. అలా వదిలేస్తే ఏ చెక్కైనా డబ్బాలాగే మోగుతుంది.

చెక్క డ్రమ్స్ కంటే బిగ్గరగా మోగుతాయా?

వాయించేవాడికి అలాగే అనిపిస్తుంది. మొదటి దెబ్బ పదునుగా ఉంటే చెవి దాన్ని పెద్ద శబ్దంగా లెక్కేసుకుంటుంది. గిటార్లు, కీబోర్డులు కలిసి మోగుతున్నప్పుడు ఆ పదును వాటి మధ్య నుంచి దూసుకువస్తుంది. మైకులు లేని చిన్న హాల్లో ఇది ఇబ్బంది. ఆరుబయట ఇదే వరం.

కళ్లు మూసుకుని వింటే తేడా తెలుస్తుందా?

వాయిస్తున్నవాడికి తెలుస్తుంది. పది అడుగుల దూరంలో, పక్కపక్కన పెట్టి వాయిస్తే, శ్రద్ధగా వినేవారికి తెలుస్తుంది. పెద్ద స్పీకర్ల ముందు నిలబడిన ప్రేక్షకుడికి తెలియదు. నా వరకు శబ్దాన్ని మార్చేవాటిని ఈ వరుసలో పెడతాను: వాయించే చేయి, హెడ్, శ్రుతి, గది, షెల్ కొలత, అంచు కోత. వీటన్నిటి తరువాతే షెల్ దేనితో చేశారన్న లెక్క. తెల్లని కోటింగ్ ఉన్న హెడ్ తీసి పారదర్శక హెడ్ వేస్తే వచ్చే తేడా, మేపుల్ నుంచి అక్రిలిక్‌కు మారితే వచ్చే తేడా కంటే ఎక్కువ. ఈ మాట అన్నందుకు మా మిత్రబృందంలో ఒకాయన నాతో రెండు వారాలు మాట్లాడలేదు. ఆయన అప్పుడే కొత్త కిట్ కొన్నాడు.

రంగును బట్టి శబ్దం మారుతుందా?

మారదు. రంగు పదార్థం చాలా కొద్దిగా కలుపుతారు. ఎరుపు కిట్ వేగంగా వాయిస్తుందన్న నమ్మకం మీకుంటే దాన్ని చెడగొట్టడం నాకిష్టం లేదు.

ఏ హెడ్లు వేయాలి? శ్రుతి ఎలా చేయాలి?

ఎక్కువమంది పారదర్శక హెడ్లే వేస్తారు. పై నుంచి చూస్తే కింది వరకు కనిపిస్తుంది, ఆ రూపం కోసమే కదా కొన్నది. అయితే పదునైన షెల్ మీద పదునైన పలచని హెడ్ వేస్తే మంట మీద మిరపకాయ వేసినట్టే. పై వైపు రెండు పొరల హెడ్ వేయండి. మొదటి దెబ్బ కాస్త గుండ్రబడుతుంది, స్వరం లోతుగా వస్తుంది. మధ్యలో నల్ల చుక్క ఉన్న హెడ్లు 1970ల అక్రిలిక్ కిట్ల మీద బాగా కనిపించేవి. ఇప్పుడూ ఆ రూపం కోరుకునేవారు ఉన్నారు. కింది వైపు ఒకే పొర చాలు.

రూపాన్ని కాస్త వదులుకోగలిగితే పైన కోటింగ్ హెడ్ వేసి చూడమని చెబుతాను. అక్రిలిక్‌లో తగ్గే వెచ్చదనం చాలావరకు తిరిగి వస్తుంది. రికార్డింగుకు వెళ్లేటప్పుడు నేను చేసేది అదే. వేదికకు మళ్లీ పారదర్శక హెడ్లు.

శ్రుతి విషయంలో ఒక సౌకర్యం ఉంది. తేమకు చెక్క ఉబ్బుతుంది, అక్రిలిక్ దాదాపు ఉబ్బదు. కాకినాడలోనో విశాఖపట్నంలోనో సముద్రపు గాలికి అది కదలదు. వేడికి మాత్రం కదులుతుంది. డిగ్రీకి మీటరుకు సుమారు 0.07 మిల్లీమీటర్ల చొప్పున సాగుతుంది. 22 అంగుళాల కిక్ షెల్‌ను 25 డిగ్రీల ఏసీ హాల్లో నుంచి 45 డిగ్రీల మే నెల ఎండలోకి తెస్తే అడ్డుకొలత దాదాపు 0.8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. హెడ్ ఫిల్మ్, బిగించే ఉక్కు రాడ్లు అంతగా సాగవు. అందుకే చోటు మారినప్పుడు పావుగంట ఆగి, ట్యూనింగ్ కీతో ఒకసారి చుట్టూ సరిచూసుకోవాలి. డప్పు కళాకారులు వాయించే ముందు డప్పును మంట దగ్గర కాచుకుంటారు. మనం ఎండ నుంచి నీడకు తెచ్చి చల్లార్చుకోవాలి.

అంచు అంటే ఏమిటి? దాని గురించి అంత పట్టింపు ఎందుకు?

హెడ్ కూర్చునే షెల్ పై కొసను బేరింగ్ ఎడ్జ్ అంటారు. దాన్ని సాధారణంగా 45 డిగ్రీల వాలుగా కోస్తారు. చెక్క అంచు ఎక్కడైనా కాస్త ఎగుడుదిగుడుగా ఉంటే గరుకు కాగితంతో సరిచేయవచ్చు. అక్రిలిక్ అంచు పెళుసు. స్టాండు కొన తగిలితే చిన్న పెచ్చు ఎగిరిపోతుంది. ఆ చోట హెడ్ సరిగా కూర్చోదు, ఎంత బిగించినా ఒక లగ్ దగ్గర శ్రుతి నిలవదు. పాత కిట్లలో అంచులు సమంగా లేకపోవడమే "అక్రిలిక్ శ్రుతి నిలవదు" అన్న చెడ్డ పేరుకు పెద్ద కారణమని నా అభిప్రాయం.

తనిఖీ చేయడం తేలిక. హెడ్ తీసి, చదునైన గ్రానైట్ బల్ల మీద షెల్‌ను బోర్లించండి. లోపల ఫోన్ టార్చి వెలిగించి, గది చీకటి చేయండి. చెక్క షెల్ అయితే అంచు కింద నుంచి ఎక్కడ వెలుగు వస్తే అక్కడ లోపం. అక్రిలిక్‌తో ఈ చిట్కా పనిచేయదు, మొత్తం వెలుగుతుంది కదా! దీనికి పలచని కాగితం ముక్కను అంచు కిందికి చుట్టూ తోసి చూడాలి. ఎక్కడ దూరితే అక్కడ లోపం.

అతుకు ఉన్న షెల్ మంచిదా, అతుకు లేనిదా?

రెండు పద్ధతులున్నాయి. చదునైన పలకను వేడి చేసి గుండ్రంగా వంచి, రెండు కొసలను ద్రావకంతో అతకడం ఒకటి. విస్టాలైట్ అలా చేసినదే. గొట్టం రూపంలోనే అచ్చు పోయడం రెండోది. పర్ల్ క్రిస్టల్ బీట్ అతుకు లేని షెల్. అతుకు దగ్గర ఒక నిలువు గీత కనిపిస్తుంది, దశాబ్దాల బిగింపు తరువాత పగులు వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉండేది కూడా అక్కడే. అయితే మొదటి పద్ధతిలోనే వేర్వేరు రంగుల పట్టీలను పక్కపక్కన అతికి ఇంద్రధనుస్సు కిట్లు చేయగలిగారు. ఆ అందం అతుకుల పుణ్యమే. శబ్దంలో తేడా నా చెవికి ఎప్పుడూ దొరకలేదు.

లైట్లు లోపల పెట్టవచ్చా? అంచులే ఎక్కువగా మెరుస్తాయెందుకు?

పెట్టవచ్చు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు, 1970లలోనే లడ్విగ్ టివోలి పేరుతో షెల్‌కు చిన్న బల్బుల వరుసలు తగిలించి అమ్మింది. ఇప్పుడు ఎల్‌ఈడీ పట్టీలు చవకగా దొరుకుతాయి.

అంచు మెరుపు వెనుక పదో తరగతి భౌతిక శాస్త్రం ఉంది. అక్రిలిక్ లోపలికి దూరిన కాంతి, గోడకు బాగా ఏటవాలుగా తగిలితే బయటికి రాలేక మళ్లీ లోపలికే తిరుగుతుంది. దాన్నే సంపూర్ణాంతర పరావర్తనం అన్నారు మన మాస్టార్లు. అక్రిలిక్‌కు ఆ హద్దు కోణం సుమారు 42 డిగ్రీలు. అలా గోడలోనే ప్రయాణించి, కోసిన అంచు దగ్గరో గీత దగ్గరో బయటపడుతుంది. అందుకే చీకట్లో డ్రమ్ పైన ఒక వెలుగు వలయం తేలుతున్నట్టు ఉంటుంది. అందుకే గీతలు కూడా మెరుస్తాయి. పగటి వెలుతురులో కనిపించని గీతలన్నీ రాత్రి వేదిక మీద పద్దు విప్పుతాయి.

లైట్లు పెట్టేవారికి రెండు మాటలు. పట్టీని హెడ్‌కు తగలనివ్వకండి, గరగర శబ్దం మైకులో పడుతుంది. పూర్తి పారదర్శక షెల్‌లో చుక్కలు చుక్కలుగా బల్బులే కనిపిస్తాయి, పొగ రంగు, పాల రంగు షెల్స్‌లో వెలుగు పరుచుకుంటుంది. నేను పొగ రంగు ఎంచుకున్నది ఇందుకే.

కిక్ డ్రమ్‌లో పెట్టే దిండు బయటికి కనిపిస్తుంది కదా?

కనిపిస్తుంది! కొన్న కొత్తలో నాకు ఆ ఆలోచనే రాలేదు. ఒక పెళ్లి రిసెప్షన్‌లో అలవాటుగా ఇంటి నుంచి తెచ్చిన దిండు కిక్‌లో కుక్కాను. గులాబీ రంగు గలీబు, మీద అమ్మ కుట్టిన చిలకల జత. పెళ్లికొడుకు ఆల్బమ్‌లో ప్రతి ఫోటో వెనుక ఆ చిలకలు ఉన్నాయి. వాళ్లింట్లో అది ఏదో సంప్రదాయం అనుకున్నారట.

ఇప్పుడు నేను వాడేది నల్ల దుప్పటి, చక్కగా మడిచి రెండు హెడ్లకూ కాస్త ఆనేలా అడుగున పరుస్తాను. శబ్దం నచ్చితే ఏమీ పెట్టకుండా, అంచున శబ్దాన్ని అణిచే వలయం ఉన్న హెడ్ వేసుకోవడం ఇంకా మంచిది. షెల్ లోపల రాలిన చెక్క పొట్టు, మరిచిపోయిన మర, దోమ, అన్నీ కనిపిస్తాయి. ఇది బద్ధకస్తుల వాద్యం కాదు.

రికార్డింగుకు పనికొస్తాయా?

పనికొస్తాయి. టామ్ మైకులకు మొదటి దెబ్బ శుభ్రంగా అందుతుంది కాబట్టి ఇంజినీరుకు పని తగ్గుతుంది. బ్రష్‌లతో మెల్లగా వాయించే జాజ్‌కు, చెక్క వెచ్చదనం కావాల్సిన మెలోడీ పాటకు నేనైతే తీసుకెళ్లను. రాక్‌కు, ఆరాధన గీతాలకు, జోరైన ఫ్యూజన్‌కు సంతోషంగా తీసుకెళతాను.

స్నేర్ కూడా అక్రిలిక్‌దే ఉండాలా?

అవసరం లేదు. అక్రిలిక్ స్నేర్ పొడిగా, చిటపటలాడుతూ బాగానే ఉంటుంది, కానీ లోహపు స్నేర్‌లోని మోత రాదు. బోన్‌హామ్ ఏం చేశాడో పైన చెప్పాను.

ఎంత బరువు ఉంటాయి?

మోసేవారే అడిగే ప్రశ్న ఇది. 22 అంగుళాల అడ్డుకొలత, 18 అంగుళాల లోతు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న కిక్ షెల్‌కు లెక్కేస్తే అక్రిలిక్ 5.7 కిలోలు తూగుతుంది. అదే కొలతల మేపుల్ 3.4 కిలోల దగ్గర ఉంటుంది. ఇవి లగ్‌లు, హూప్‌లు (హెడ్‌ను పట్టి ఉంచే వలయాలు) లేకుండా. నాలుగో అంతస్తులో ఫంక్షన్ హాలు, లిఫ్టు పనిచేయదు అన్నప్పుడు ఈ తేడా నడుముకు తెలుస్తుంది.

మన ఎండలకు కరిగిపోతుందా?

కరగదు. అక్రిలిక్ మెత్తబడటానికి సుమారు 100 డిగ్రీలు కావాలి. రెంటచింతల ఎండ కూడా అంత దూరం పోదు. అసలు ప్రమాదం మూసేసిన కారు. ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో హెడ్లు గట్టిగా బిగించి ఉంటే, లగ్ మరల దగ్గర షెల్ మీద ఒత్తిడి ఆగకుండా పనిచేస్తుంది. ఒక్కరోజులో ఏమీ కనిపించదు. కొన్ని వేసవుల తరువాత మర రంధ్రం చుట్టూ వెంట్రుకల్లాంటి సన్నని గీతలు మొదలవుతాయి. అవి పెరిగితే పగులు. ఎండలో ప్రయాణం తప్పనప్పుడు హెడ్లను అర చుట్టు వదులు చేసి, మీద తెల్ల దుప్పటి కప్పండి.

దేనితో తుడవాలి?

గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెలు తోమే ద్రవం, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డ. అంతే. ముందు దుమ్మును ఊదేయండి, లేకపోతే గుడ్డే గరుకు కాగితం అవుతుంది.

వాడకూడనివి గుర్తుపెట్టుకోండి: అమ్మోనియా ఉండే అద్దాల క్లీనర్, స్పిరిట్, శానిటైజర్, థిన్నర్, పెట్రోలు. కరోనా రోజుల్లో ఒక హాలు నిర్వాహకులు మంచి మనసుతోనే వాద్యాలన్నిటి మీద శానిటైజర్ కొట్టించారు. నా ఫ్లోర్ టామ్ మీద ఆ తుంపరల గుర్తులు ఇప్పటికీ సాలెగూడులా ఉన్నాయి. మరలు వదులవకుండా వేసే అంటు ద్రవం కూడా అక్రిలిక్‌కు శత్రువే. దాని బదులు ప్లాస్టిక్ వాషర్ వేయండి.

పగిలితే అతకవచ్చా?

చిన్న పగులు ఇంకా పాకకుండా దాని కొస దగ్గర సన్నని రంధ్రం వేసి, అక్రిలిక్‌ను కరిగించి అతికే ద్రావకం ఎక్కించడం పద్ధతి. నామఫలకాలు చేసేవారికి ఈ పని బాగా తెలుసు, డ్రమ్స్ దుకాణం కంటే వాళ్ల దగ్గరికి వెళ్లడమే మేలు. గీత మాత్రం కనిపిస్తూనే ఉంటుంది. అంచు వరకు పాకిన పగులుకు నాకు తెలిసిన మందు లేదు.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఏం చూడాలి?

పగటి వెలుతురులో చూడండి. హెడ్లు తీయించండి, తీయనంటే లేచి వచ్చేయండి. ప్రతి లగ్ మర చుట్టూ, టామ్ హోల్డర్ రంధ్రం చుట్టూ, అతుకు పొడవునా సన్నని గీతల కోసం చూడండి. టామ్ బరువంతా షెల్‌కు వేసిన రంధ్రం మీద వేలాడే పాత పద్ధతి కంటే, లగ్‌లను పట్టుకుని వేలాడే మౌంటు నయం. తరువాత నేను చెప్పిన కాగితం ముక్క. రంగు వెలిసిన కిట్ అయినా అంచులు బాగుంటే తీసుకుంటాను. తళతళలాడుతూ అంచు పెచ్చు ఊడితే తీసుకోను.

పెళ్లి ఆర్కెస్ట్రాకు, చర్చికి ఇది సరైనదేనా?

ఆర్కెస్ట్రాల్లో చాలాచోట్ల కిట్ చూడటానికి, శబ్దం ఆక్టోప్యాడ్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్) నుంచి. ఆ పరిస్థితిలో అక్రిలిక్ కంటే అందమైన అలంకరణ ఇంకొకటి లేదని నవ్వుతూనే ఒప్పుకుంటాను. నిజంగా వాయించే బృందమైతే ఆరుబయట వేదికలకు బాగా నప్పుతుంది.

చర్చిల్లో వేరే చిక్కు. కాంక్రీటు గోడలు, చలువరాతి నేల, తక్కువ ఎత్తు పైకప్పు ఉన్న హాల్లో అక్రిలిక్ పదును ముందు వరుసలో కూర్చున్న పెద్దవాళ్లకు తలనొప్పి తెస్తుంది. చుట్టూ నిలబెట్టే అక్రిలిక్ తెరలు సింబల్స్ శబ్దాన్ని ముందుకు రాకుండా కొంత ఆపుతాయి. కానీ ఆపిన శబ్దం మాయమైపోదు, తిరిగి డ్రమ్మర్ చెవుల్లోనే పడుతుంది. వెనుక గోడకు మందపాటి తెరలైనా పరుపైనా వేస్తేనే అది పనిచేస్తుంది. డ్రమ్మర్ చెవుల్లో దూది కాదు, సరైన ఇయర్ ప్లగ్‌లు ఉండాలి.

కొత్తగా నేర్చుకునేవారు ఇదే కొనవచ్చా?

నా దగ్గరికి వచ్చే పిల్లలకు ముందు ప్రాక్టీస్ ప్యాడ్, తరువాత సాదా చెక్క కిట్ చెబుతాను. మోటుగా వాడినా ఓర్చుకుంటుంది, అమ్మేస్తే కొనేవాళ్లు దొరుకుతారు. అయితే ఒక అమ్మాయి విషయంలో నా మాట చెల్లలేదు. ఆరు నెలలు ప్యాడ్ మీద విసుగ్గా కొట్టిన ఆమె, వాళ్ల నాన్నగారు నీలం అక్రిలిక్ కిట్ తెచ్చాక రోజుకు రెండు గంటలు దాని ముందు నుంచి లేవడం లేదు. నిన్న ఫోన్ చేసి అడిగింది, "మాస్టారూ, లోపల చేపల బొమ్మలు వేలాడదీస్తే శబ్దం పాడవుతుందా?" అని. హెడ్‌కు తగలనంత వరకు పరవాలేదని చెప్పాను.